నీ ఏ1సీ ఎంత?

పదేళ్ళ క్రితం మనవాళ్ళ పార్టీల్లో మగాళ్ళంతా గరాజ్‌లో చేరితే మాట్లాడుకునేవి మూడే విషయాలు. ప్రయారిటీ డేట్ ఎక్కడిదాకా కదిలింది, ఇంటి లోన్ వడ్డీ ఎంత, ఫలానా హీరో సినిమా ఓవర్సీస్‌లో ఎంత చేసింది. ఇప్పుడు నాలుగోది చేరింది. ఒక చేత్తో బిర్యానీ ప్లేటు పట్టుకుని, రెండో చేత్తో గులాబ్ జామూన్ వద్దని సైగ చేస్తూ, "నీ ఏ1సీ ఎంత?" అని అడుగుతారు. పూర్వం జీతం ఎంత అని అడిగినంత మామూలుగా.

నాది 6.1. వయసు 42, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 152 పౌండ్లు. బీఎంఐ 24కి కొంచెం తక్కువ. మేం వెళ్ళే డాక్టరు ఆఫీసులో నర్సమ్మ నాలుగేళ్ళుగా ఆ అంకె చూసి "పర్ఫెక్ట్" అంటూ వచ్చింది. షుగర్ టెస్ట్ అవసరమని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. వేరే పని మీద రక్తం తీస్తే బయటపడింది. 5.7 దాటితే ప్రీడయాబెటిస్, 6.5 దాటితే డయాబెటిస్. అంటే నేను గుమ్మం దాటి వసారాలోకి వచ్చేశాను.

ఇంట్లో తీర్పులు వెంటనే వచ్చాయి. మా ఆవిడ "బద్ధకం" అంది. ఫోన్‌లో మా అమ్మ "దిష్టి నాన్నా" అంది. మావయ్య "మన వంశంలోనే ఉందిరా" అన్నాడు. నేను డాక్టర్ని కాదు, డేటాబేస్‌లు చూసుకునేవాణ్ణి. అంకె తప్పుగా వస్తే ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళడమే నా ఉద్యోగం. ఈ 6.1ని కూడా అలాగే వెతికాను. బద్ధకమూ వంశమూ రెండూ కొంత నిజమే, కానీ కథలో అవి చాలా చిన్న పాత్రలు.

ముందు ఆ "పర్ఫెక్ట్" సంగతి. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో వచ్చింది. ఒకరు పుణేకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. చొక్కాల్లో చూస్తే ఇద్దరూ సన్నగానే ఉన్నారు. లోపల కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఒకే బరువులో ఒకరిది కండ, ఇంకొకరిది కొవ్వు. మనవాళ్ళని తెల్లవాళ్ళ కొలబద్దతో కొలిస్తే ఏమవుతుందో ఆ ఒక్క ఫోటో చెబుతుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా మూలాలవాళ్ళకి పరీక్ష మొదలుపెట్టే బీఎంఐని 25 నుంచి 23కి దించింది. మా నర్సమ్మ దగ్గరున్న చార్టులో అది ఎక్కినట్టు లేదు.

ఆ కొవ్వు మనకి ఎప్పుడు పట్టింది? ఇక్కడికొచ్చి పిజ్జాలు తిన్నాక అనుకుంటాం. యాజ్ఞిక్ బృందం పుణే చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో పుట్టిన పిల్లలతో పోల్చింది. మన పిల్లలు సగటున 2.7 కిలోలు, వాళ్ళ పిల్లలు 3.5 కిలోలు. అంత తేడా ఉన్నా మన పిల్లల్లో తగ్గింది కండ, లోపలి అవయవాలు. చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు అంతే ఉంది. అంటే సన్నగా కనిపించే లావు మనకి పొత్తిళ్ళలోనే మొదలైంది.

ఈ దారిని ముందు చూపించినవాడు డేవిడ్ బార్కర్ అనే ఇంగ్లిష్ డాక్టరు. ఇంగ్లండ్‌లోని హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి మంత్రసానులు, నర్సులు పుట్టిన ప్రతి బిడ్డ బరువూ, ఏడాది నిండాక బరువూ లెడ్జర్లలో రాసిపెట్టారు. బార్కర్ ఆ లెడ్జర్లు పట్టుకుని, ఆ పిల్లలు పెద్దయ్యాక ఎలా చనిపోయారో వెతికాడు. పుట్టినప్పుడూ ఏడాదికీ తక్కువ బరువున్న మగపిల్లల్లో తరువాత గుండెజబ్బు చావులు ఎక్కువ. 1989లో ఇది అచ్చయితే చాలామంది నవ్వారు. యాభై, అరవై ఏళ్ళ వయసులో వచ్చే గుండెపోటుకి అమ్మ కడుపులో ఉన్నప్పటి తిండితో లంకె ఏమిటన్నారు. తల్లికి తిండి చాలకపోతే, కడుపులోని బిడ్డ ఉన్నదాన్ని మెదడుకి మళ్ళించుకుని కండనీ, క్లోమాన్నీ పొదుపుగా కట్టుకుంటుంది. బయటికొచ్చాక కూడా తిండి అంతంతమాత్రమే అయితే ఆ కట్టడం సరిపోతుంది. తిండి ముంచెత్తితే సరిపోదు.

ఇందులో మన ఊరి ముక్క ఒకటుంది, అది మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు 1987 నుంచి 1990 దాకా నగరం చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక పని చేశారు. 15 పల్లెల్లో గర్భిణులకి, బాలింతలకి, ఆరేళ్ళలోపు పిల్లలకి రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా 14 పల్లెలకి ఆ పథకం అప్పటికింకా రాలేదు. పదిహేనేళ్ళ తరువాత వెనక్కి వెళ్ళి, టీనేజ్‌లో ఉన్న ఆ పిల్లల్ని 1,100 మందికి పైగా వెతికి పట్టుకున్నారు. ఫలితం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. అది చిన్న సంగతి. వాళ్ళలో ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. అంగన్‌వాడీ ఉప్మా అని మనం వెక్కిరించేదానికి పదిహేనేళ్ళ తరువాత రక్తనాళాల్లో ఆనవాలు దొరికింది.

"మన వంశంలోనే ఉంది" అన్న మావయ్య మాట ఇప్పుడు వేరేగా వినిపిస్తుంది. మా నాన్నమ్మకి పదకొండు కాన్పులు, బతికినవాళ్ళు ఆరుగురు. కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని పథ్యం పెట్టేవారట. మగాళ్ళు తిన్నాక మిగిలింది ఆవిడ తినేది. దాన్ని జీన్స్ అనాలా, మరేదైనా అనాలా? ఒక కొసరు సంగతి కూడా చెప్పాలి. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె జీవితకాలపు అండాలు ఆమెలో ఉంటాయి. అంటే మా అమ్మని మోసేటప్పుడు అమ్మమ్మ తిన్న, తినని అన్నం నేను తయారైన కణాన్ని కూడా తాకింది.

ఇక ఒంట్లో ఏం జరుగుతుందో మన గాదె లెక్కలో చెబుతాను. పాత ఇళ్ళల్లో ధాన్యం గాదె ఉండేది. పంట ఎక్కువైతే గాదె నిండుతుంది. ఇంకా వస్తే వసారాలో పోస్తాం, ఆ తరువాత పడకగదిలో, చివరికి వంటింట్లో. చర్మం కింది కొవ్వు మన గాదె. అది ఉండాల్సిన చోటే ఉంది, పెద్దగా హాని లేదు. కొందరికి ఆ గాదె పెద్దది, మన దక్షిణాసియావాళ్ళకి చిన్నదని పరిశోధకులు అనుకుంటున్నారు. అది నిండగానే కొవ్వు కాలేయంలోకి, పొట్ట లోపలికి, క్లోమం చుట్టూ పోగుపడుతుంది. కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. రెండో గాదె తొడల కండ. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే గ్లూకోజ్‌లో పెద్ద వాటా అక్కడికే వెళ్ళాలి. కండ తక్కువైతే, పైగా కదలకపోతే, ఆ తలుపు సగమే తెరుచుకుంటుంది. కండ కదులుతున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ అంతగా లేకపోయినా గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. భోజనం అయ్యాక నాలుగడుగులు వేయమని పెద్దవాళ్ళు అనడంలో ఉన్న సైన్స్ అదే.

అన్నం దగ్గరికి వస్తే గొడవలవుతాయి, అయినా రావాలి. మా నాన్నమ్మ తిన్నది జొన్న సంకటి, సజ్జ రొట్టె. పండగకి వరి అన్నం. మా నాన్న పెద్దవాడయ్యేసరికి రెండుపూటలా వరి అన్నమే. ఆయనకి రుచి మారి అలా కాలేదు. కాలువలు వచ్చాయి, కొత్త వరి వంగడాలు వచ్చాయి, ప్రభుత్వం ధాన్యాన్ని మద్దతు ధరకి కొంది, 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. ఆ బియ్యం ఎన్ని ఇళ్ళల్లో రాత్రి పొయ్యి వెలిగించిందో తెలిసినవాళ్ళెవరూ దాన్ని తప్పు పట్టరు, నేనూ పట్టను. కానీ జొన్నకి ఆ ఆసరా లేదు, రేషన్ షాపులో దానికి చోటు లేదు. ఒక్క తరంలో మన కంచం తెల్లబడింది. 21 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనం తెల్లన్నం ఎక్కువ తినడానికీ డయాబెటిస్‌కీ ఉన్న లంకెని చూస్తే, అది దక్షిణాసియాలోనే అన్నిటికంటే గట్టిగా కనబడింది. పొలంలో దిగి నాట్లేసే ఒంటికి ఆ అన్నం ఇంధనం. మానిటర్ ముందు కూర్చున్న ఒంటికి అదే అన్నం నిండిన గాదెలో ఇంకో బస్తా. కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయంటారు. ఆస్తుల సంగతి ఏమో గానీ, పొట్ట విషయంలో మాత్రం ఆ సామెత పూర్తిగా తలకిందులు.

కూర్చోవడం గురించి అసలు లెక్క బస్సుల్లో తేలింది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చాడు. ఒకే కంపెనీ, దాదాపు ఒకే జీతం, ఒకే రోడ్డు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు టికెట్ల కోసం రోజూ వందల మెట్లు ఎక్కి దిగుతాడు. 1953లో ఫలితం వచ్చింది. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ, వచ్చినా తేలిగ్గా వచ్చింది. మోరిస్ అక్కడితో ఆగలేదు. యూనిఫాంలు కుట్టే విభాగం రికార్డుల్లో నడుం కొలతలు చూస్తే, డ్రైవర్లు ఉద్యోగంలో చేరినప్పుడే కండక్టర్ల కంటే లావు. అయితే తేడా మెట్ల వల్లా, మనుషుల వల్లా? సందేహం వస్తే తన ఫలితాన్నే తను గుచ్చి చూసుకున్నాడు. పోస్ట్‌మన్లనీ, ఆఫీసు గుమస్తాలనీ పోల్చినా అదే ధోరణి కనబడింది, కాబట్టి నడకకి విలువ నిలబడింది. ఇక్కడ మనం గుర్తించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ కండక్టర్లెవరూ వ్యాయామం చేయాలని సంకల్పం చెప్పుకున్నవాళ్ళు కాదు. వాళ్ళ పని వాళ్ళని మెట్లెక్కించింది.

నా పని నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది, మా సబ్‌డివిజన్ నన్ను కారులో కూర్చోబెట్టింది. పాల కోసం వెళ్ళాలంటే మూడు మైళ్ళు, మధ్యలో నాలుగు లేన్ల రోడ్డు. ఇళ్ళు ఒకచోట, కొట్లు ఒకచోట ఉండాలని జోనింగ్ చట్టాలు చెబుతాయి. ఊళ్ళో మా నాన్న పాలకేంద్రానికీ, గుడికీ, రచ్చబండకీ తిరిగే తిరుగుడు ఎవరూ వాకింగ్ అనలేదు.

ఇప్పుడు నిద్ర. మనలో ఎంతమందికి రాత్రి 9:30కి ఆఫ్‌షోర్ కాల్ ఉంది, చేతులెత్తండి. 1999లో షికాగో యూనివర్సిటీలో 11 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళని ఆరు రాత్రుల పాటు నాలుగు గంటలే పడుకోనిచ్చారు. వారం తిరక్కుండానే వాళ్ళ ఒళ్ళు గ్లూకోజ్‌ని సంభాళించే శక్తి బాగా పడిపోయింది. తిండి మారలేదు, వయసు మారలేదు. తెల్లారి వాళ్ళ మొహాలు, చిరాకు ఎలా ఉండి ఉంటాయో మన ఇళ్ళల్లో పిల్లల్ని అడిగితే చెబుతారు. "డాడీ కోపిష్టి" అని మా చిన్నది స్కూల్లో బొమ్మ వేసింది. అది నా స్వభావమా, నా క్యాలెండరా అన్నది నాకు ఇంకా తేలలేదు.

కాల్ మానెయ్యొచ్చుగా అని అడిగేవాళ్ళుంటారు. ఇక్కడే అసలు ముడి ఉంది. లండన్‌లోనే మైకేల్ మార్మట్ ప్రభుత్వోద్యోగుల మీద చేసిన వైట్‌హాల్ అధ్యయనాలు చదివేదాకా నాకూ అర్థం కాలేదు. అందరూ ఆఫీసు ఉద్యోగులే, ఆకలితో ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. అయినా అట్టడుగు మెట్టు మీదివాళ్ళలో గుండెజబ్బు చావులు పై మెట్టు వాళ్ళ కంటే మూడు రెట్లకు పైగా. సిగరెట్లు, బీపీ, కొలెస్టరాల్ అన్నీ లెక్కేసినా ఆ తేడాలో సగానికి కూడా జవాబు రాలేదు. తరువాతి విడతలో తేలిందేమిటంటే, తన పని మీద తనకి ఎంత పట్టు ఉంది అనేది పెద్ద విషయం. ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి, కాదనగలనా అన్నవి చేతిలో లేనివాళ్ళకి గుండెజబ్బు ఎక్కువగా వచ్చింది.

ఇక మనది చూడండి. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే 60 రోజులు. ఆ లోపు ఇంకో స్పాన్సర్ దొరకాలి, లేదా సర్దుకోవాలి. ఏటా ఉద్యోగాల కింద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంవారికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న నిబంధన వల్ల మన క్యూ దశాబ్దాల పొడుగు. జీతం బాగుంది, ఇల్లుంది, కారుంది. మేనేజరు ఫోన్ వస్తే మాత్రం ఊపిరి బిగబట్టి ఎత్తుతాం. బయటికి మనం పై మెట్టు మీదివాళ్ళం, లోపల ఒంటికి మాత్రం తాను ఏ మెట్టు మీదుందో తెలుసు. నెమ్మదస్తులు, ఎదురు చెప్పరు, ఎంతసేపైనా పనిచేస్తారు అని మనవాళ్ళకి ఇక్కడ పేరు. అది మన సంస్కారం అని మురిసిపోతాం. కొంత సంస్కారమే, కొంత వీసా స్టాంపు.

వలస వెళ్ళిన ప్రతివాళ్ళకీ ఇలాగే కావాలని లేదు. జపాన్‌లో, హవాయిలో, కాలిఫోర్నియాలో ఉన్న జపనీయులని పోల్చిన పాత అధ్యయనం ఒకటుంది. తూర్పు నుంచి అమెరికా వైపు వచ్చేకొద్దీ గుండెజబ్బు పెరిగింది, అది ఊహించిందే. కానీ కాలిఫోర్నియాలోనే తమ వాళ్ళతో గట్టి కట్టుబాట్లు నిలుపుకున్న జపనీయుల్లో అది జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉంది. తిండి తేడాలతో దానికి పూర్తి జవాబు దొరకలేదు. మన సంఘాల పిక్నిక్కుల వల్ల ఉపయోగమేమిటని విసుక్కునే నాకు ఇది కొంచెం చురక. అయితే ఆ పిక్నిక్కుల్లో రెండు రకాల బిర్యానీ, మూడు రకాల స్వీట్లు ఎందుకన్న ప్రశ్న అలాగే ఉంది.

మారిషస్ నుంచి చదివేవాళ్ళ కోసం, మిగతావాళ్ళ కోసం కూడా, ఇంకొక్క కథ. కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళని కోరంగీలని పిలిచిన దేశం అది. 1987లో అక్కడ సర్వే చేస్తే హిందూ, ముస్లిం, క్రియోల్, చైనీస్ అని తేడా లేకుండా అందరిలోనూ డయాబెటిస్ ఎక్కువగా తేలింది. రక్తం వేరు, జీవితం ఒకటి. అక్కడి ప్రభుత్వం చేసిన పనుల్లో ఒకటి, రేషన్ వంటనూనెని పామాయిల్ నుంచి సోయా నూనెకి మార్చడం. ఎవరికీ ఉపన్యాసాలు ఇవ్వకుండానే, అదే కొట్లో అదే రేషన్‌కి వేరే నూనె పోశారు. 1992కి జనం సగటు కొలెస్టరాల్ సుమారు 15 శాతం తగ్గింది. డయాబెటిస్ మాత్రం ఆగలేదు, పెరుగుతూనే పోయింది. కంచంలో ఒక్క వస్తువు మార్చడం తేలిక. కుర్చీనీ, కారునీ మార్చడం ఏ రేషన్ షాపు వల్లా కాదు.

వెతుకులాట నుంచి పనికొచ్చే నాలుగు ముక్కలు. బీఎంఐ 23 దాటితే, లేదా వయసు 35 దాటితే, ఏ1సీ చేయమని మీరే అడగండి. 25 దాటలేదు కదా అంటే ఆసియావాళ్ళ కొలత 23 అని చెప్పండి. బరువు కంటే నడుం చూసుకోండి, మన మగాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 హద్దు. కాన్పు సమయంలో షుగర్ వచ్చి తగ్గిపోయిన అమ్మాయిలు "తగ్గిపోయిందిగా" అని వదిలేయకుండా, కాన్పయ్యాక 4 నుంచి 12 వారాల్లో ఒకసారి, ఆ తరువాత ఏడాది నుంచి మూడేళ్ళకోసారి పరీక్ష చేయించుకోవాలి. ప్రీడయాబెటిస్ అంటే శిక్ష ఖరారైనట్టు కాదు. 2002లో వచ్చిన అమెరికా ప్రయోగంలో బరువు ఏడు శాతం తగ్గించి వారానికి 150 నిమిషాలు నడవమంటే, డయాబెటిస్‌గా మారే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో 31 శాతం. చెన్నైలో మనవాళ్ళ మీద చేసిన ప్రయోగంలో మార్పు అంత లేదు, 28 శాతం దగ్గర ఆగింది. మన గాదె చిన్నదన్నది ఇక్కడ కూడా కనబడుతోందని నా అనుమానం. అయినా 28 అంటే తక్కువేం కాదు.

నేను చేసింది పెద్దగా ఏం లేదు. అన్నం ఒక పూట చేశాను. 9:30 కాల్ వదల్లేను కాబట్టి దాన్ని చెవిలో పెట్టుకుని బయటికి వెళ్తున్నాను. మా వీధికి సైడ్‌వాక్ లేదు, మెయిల్‌బాక్సుల పక్కన గడ్డి మీదే నడక. మొదటి వారంలో ఎదురింటాయన నా పక్కన కారు ఆపి, అద్దం దించి, కారు పాడైందా, ఎక్కడైనా దింపాలా అని అడిగాడు.